సారం లేని నేలలో చెట్టూ పంటా: ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

క్లుప్తంగా

వాన మీదే ఆధారపడిన, సారం తక్కువైన నేలల్లో పంటతో పాటు చెట్లు కూడా ఉంటే భూమి కోలుకుంటుంది, రైతుకు రెండో ఆదాయం వస్తుంది. ఈ మాట నిజమే. కానీ అలాంటి నేలల్లోనే చెట్టు పంటకు అందాల్సిన తేమను లాగేసుకున్న సందర్భాలూ చాలా ఉన్నాయి. ఫలితం ముఖ్యంగా మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఆ నేలకు ఉన్న లోటు ఏమిటి, చెట్లు ఎంత ఒత్తుగా ఉన్నాయి, వాటి మీద హక్కు ఎవరిది. ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క ఈ మూడింటిలో దేనికీ జవాబు చెప్పదు.

ఖాళీ భూమి అనుకోవడమే మొదటి తప్పు

అగ్రోఫారెస్ట్రీ, అంటే వన వ్యవసాయం, పొలాన్ని అడవిగా మార్చే పని కాదు. ఒకే పొలంలో పంటనూ చెట్టునూ కలిపి పెంచడం, వీలైతే వాటితో పాటు పశువులనూ సాకడం. చేలో అక్కడక్కడా నిలబెట్టిన చెట్లు, గట్ల మీద వరసలు, వాలుకు అడ్డంగా వేసిన కంచె మొక్కలు, పండ్ల చెట్ల మధ్య అంతర పంటలు అన్నీ దీని కిందికే వస్తాయి. పరిశోధనాంశంగా ఇది కొత్తదే. దీనికంటూ ఒక అంతర్జాతీయ సంస్థ 1978లో ఏర్పడింది, నైరోబీ కేంద్రంగా పనిచేస్తోంది. రైతుకు మాత్రం ఇది తాతల నాటి పని. స్పెయిన్‌లో ఓక్ చెట్ల కింద పశువులు మేపే దెహెసా భూములు శతాబ్దాల నుంచీ ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాలతో వేసిన ఒక అంచనా 2016లో వెలువడింది. దాని ప్రకారం 2010 నాటికి ప్రపంచ సాగుభూమిలో 43 శాతం చోట కనీసం పదో వంతు విస్తీర్ణం చెట్ల నీడలోనే ఉంది. కాబట్టి చెట్టూ పంటా కలిసి ఉండగలవా అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. తేలాల్సింది సారం లేని చోట ఏం జరుగుతుందన్నదే.

చాలా పథకాలు ఇక్కడే తడబడ్డాయి. ‘సాగుకు పనికిరాని భూమి’ అని కాగితం మీద రాయగానే అది ఎవరూ వాడని భూమి అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఎవరో మేకలు మేపుతుంటారు, ఎవరో వంటచెరకు ఏరుకుంటారు, వాన బాగా పడిన ఏడాది ఎవరో నాలుగు గింజలు చల్లుతారు. ఊళ్లో అందరికన్నా తక్కువ భూమి ఉన్నవాళ్లే ఎక్కువగా ఆ నేల మీద ఆధారపడతారు. చెట్ల పేరుతో దానికి కంచె వేస్తే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే.

రెండో చిక్కు, ఇలాంటి నేలలన్నిటినీ ఒకే గాటన కట్టడం. ఒకచోట వాన చాలదు. ఒకచోట వాన ఉన్నా మట్టి జానెడు లోతే, కింద రాయి. మరోచోట వాలు ఎక్కువై పైమట్టి కొట్టుకుపోయింది. ఇంకోచోట ఉప్పు పైకి తేలి నేల చవుడు బారింది. ఈ నాలుగింటికీ మందు ఒకటే చెట్టు కాదు. కొన్నిటికి అసలు ముందుగా కావాల్సింది చెట్టు కాదు, రాళ్ల కట్టో గడ్డి వరసో.

చెట్టు వల్ల నేలకు ఒరిగేది

మెట్ట పంట పొలంలో ఉండేది మూడు నాలుగు నెలలు. మిగతా ఏడాదంతా నేల ఎండకు మాడుతుంది. తొలకరి చినుకులు ఆ నేల మీద నేరుగా పడ్డప్పుడు ఆ దెబ్బకు మట్టి గడ్డలు చితికి, మెత్తటి రేణువులు సందుల్లో దూరి, ఆరగానే పైన అట్ట కడుతుంది. ఆ తర్వాత పడ్డ నీరు ఇంకదు, జారిపోతుంది, పైమట్టినీ వెంట తీసుకుపోతుంది. పైమట్టి పలచబడిన కొద్దీ తేమ నిలవదు, దిగుబడి పడిపోతుంది. దిగుబడి పడిపోతే రైతు పెట్టుబడి తగ్గిస్తాడు, పెంట తోలడమూ తగ్గిపోతుంది. నేల మరింత క్షీణిస్తుంది.

చెట్టు ఈ వరసను కొన్ని చోట్ల తెంపుతుంది. రాలిన ఆకు చినుకు దెబ్బను కాస్తుంది, కుళ్లి మట్టిలో కలుస్తుంది. దాని కోసం వచ్చిన చెదలూ వానపాములూ నేలను తొలిచి నీటికి దారులు చేస్తాయి. చచ్చిన వేళ్లు వదిలిన సన్నటి బొరియల్లోంచీ నీరు కిందికి దిగుతుంది. వరసగా పెంచిన చెట్లు గాలి వడిని తగ్గిస్తాయి. గాలి మళ్లీ పుంజుకునేలోపు చెట్టు ఎత్తుకు కనీసం పదింతల దూరం వరకు పొలానికి కాపుదల దొరుకుతుంది. ఇసుక నేలల్లో ఇది చిన్న విషయం కాదు. విత్తిన వారానికే ఇసుక కొట్టి మొలకలు చచ్చిపోతే రైతు మళ్లీ విత్తనం కొనుక్కోవాలి.

చిక్కుడు జాతి చెట్లయితే వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. మలావి, జాంబియాల్లో గ్లైరిసిడియా, సెస్బానియా లాంటి మొక్కలను పంటతో పాటో, పడావు కాలంలోనో పెంచి, ఆకును మట్టిలో కలిపి మొక్కజొన్న పండించే పద్ధతికి ఆధారం ఇదే. అయితే ప్రచారంలో ఒక సంగతి తరచూ మరుగున పడుతుంది. నత్రజని సంగతి వేరు, భాస్వరం సంగతి వేరు. చెట్టు భాస్వరాన్ని తయారు చేయలేదు. లోతు పొరల్లో ఉంటే పైకి తేగలదు, లేకపోతే లేదు. భాస్వరం లోటున్న నేలలో చెట్లు మాత్రమే పెంచి ఎరువు పూర్తిగా మానేయమని చెప్పడం రైతును ముంచడమే.

పంటతో చక్కగా కుదిరిన చెట్టుకు మంచి ఉదాహరణ ఆఫ్రికాలో పెరిగే ఫైడెర్బియా అల్బిడా. మిగతా చెట్లు వానలకు చిగురిస్తే ఇది వానాకాలంలో ఆకు రాల్చేస్తుంది, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. అంటే పంట ఉన్న రోజుల్లో నీడా ఉండదు, తేమ కోసం పోటీ కూడా తక్కువ. పంట లేని రోజుల్లో పశువులు ఆ నీడన చేరతాయి, కాయలు తింటాయి, పెంట అక్కడే వేస్తాయి. ఈ చెట్ల కింద సజ్జ, జొన్న బాగా పండుతాయని సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహెల్ ప్రాంత రైతులకు పరిశోధకుల కన్నా ముందే తెలుసు. గమనించాల్సింది ఒకటుంది. ఈ తేడా పేద నేలల్లోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పటికే సారవంతంగా ఉన్న నేలలో అంతగా ఉండదు. లోటు లేని చోట పూడ్చేదేముంటుంది?

సారవంతమైన నేలల్లో లాభం వచ్చే దారి వేరు. ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతంలో వాల్‌నట్ చెట్ల వరసల మధ్య గోధుమ వేసి చేసిన దీర్ఘకాల ప్రయోగాల్లో, రెండింటినీ వేర్వేరుగా పెంచితే కావాల్సిన దానికన్నా తక్కువ భూమిలోనే అంత ఉత్పత్తి వచ్చింది. శీతకాలపు గోధుమ పచ్చగా ఎదిగే నెలల్లో వాల్‌నట్‌కు ఆకులుండవు. ఇద్దరూ ఎండను కాలాల వారీగా పంచుకుంటారు. అక్కడ నేల బాగుపడటం రెండో విషయం. సారం లేని నేలల్లో అదే మొదటి విషయం.

నీటి దగ్గరే అసలు తగవు

1980 దశకంలో వన వ్యవసాయం పేరు చెబితే అందరి నోటా వినిపించిన పద్ధతి, కంచె వరసల మధ్య పంట. నైజీరియాలోని ఇబడాన్‌లో పనిచేసే అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ దీనికి ఊపిరి పోసింది. సుబాబుల్ లాంటి మొక్కలను కొన్ని మీటర్ల ఎడంతో వరసలుగా పెంచి, తరచూ కత్తిరించి, ఆ ఆకును మధ్య సాళ్లలో పరిచేవారు. వాన పుష్కలంగా పడే చోట్ల ప్రయోగ క్షేత్రాల్లో ఫలితాలు బాగా వచ్చాయి. దాంతో అదే పద్ధతిని మెట్ట ప్రాంతాలకూ తీసుకెళ్లారు.

అక్కడ లెక్క తారుమారైంది. పొడి ప్రాంతాల్లో జరిగిన ప్రయోగాల్లో సుబాబుల్ వరసల పక్కన పంట గిడసబారింది. తేమ తక్కువ ఉన్న నేలలో చెట్టు వేళ్లూ పంట వేళ్లూ ఒకే పొరలో నీటి కోసం పెనుగులాడితే, ఏళ్ల తరబడి పాతుకుపోయిన చెట్టే గెలుస్తుంది. కెన్యాలోని మచాకోస్‌లో సిల్వర్ ఓక్‌తో కలిపి మొక్కజొన్న వేసిన ప్రయోగంలోనూ చెట్లు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది కనిపించలేదు. అవి ఎదిగిన కొద్దీ మొక్కజొన్న పడిపోయింది. రెండు మూడేళ్ల ప్రయోగం చూసి పద్ధతి బాగుందని ప్రకటించడంలో ఉన్న ప్రమాదం ఇదే. చెట్టు పూర్తి ఆకలి ఆరో ఏడో ఏడు దాటితే గానీ బయటపడదు.

అలాగని మెట్టలో చెట్టే వద్దనడం కూడా సరికాదు. బుర్కినా ఫాసోలోని సపోనేలో, గింజల నుంచి వెన్న తీసే షియా చెట్లున్న పొలాల మీద జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. చెట్లు బొత్తిగా లేని చోట వాననీరు జారిపోవడం, ఆవిరైపోవడం ఎక్కువ. చెట్లు ఒత్తుగా ఉన్న చోట అవే తాగేస్తాయి. ఈ రెండింటికీ మధ్య, పలచగా చెట్లున్న చోట భూమి లోపలికి చేరే నీరు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. చెట్టు నీటిని నిలుపుతుందా తాగేస్తుందా అన్న పాత వాదంలో ఇద్దరి మాటా కొంత నిజమే. తేడా అంతా ఒత్తులో ఉంది.

లోతు వేళ్లున్న కొన్ని చెట్లు రాత్రివేళ కింది పొరల తేమను తోడి పై పొరల్లోకి వదులుతాయి కూడా. ఇది నిర్ధారణ అయిన విషయమే. కానీ అలా వచ్చిన తేమను పంట ఎంత వాడుకుంటుంది, చెట్టే మళ్లీ ఎంత తీసుకుంటుంది అన్నది జాతిని బట్టి, నేలను బట్టి మారుతుంది. దీన్నొక హామీలా చెప్పి మొక్కలు అమ్మడం తగదు.

నీళ్లు తాగడమే మేలుగా మారిన చోటు కూడా ఒకటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో లోతు వేళ్ల స్థానిక చెట్లను కొట్టేసి గోధుమ వేయడంతో వాననీరు వాడేవాళ్లు లేక భూగర్భ జలమట్టం పెరిగింది. దానితో పాటు లోపలి ఉప్పూ పైకొచ్చి విస్తారమైన సాగుభూమి చవుడు బారింది. అక్కడ పొలాల్లో పట్టీలుగా మాలీ అనే, ఒకే మొదలు నుంచి గుబురుగా లేచే రకం యూకలిప్టస్ నాటడానికి ఒక ముఖ్య కారణం అది నీళ్లు బాగా తాగడమే. మరోచోట బోర్లు ఎండగొడుతుందని తిట్టించుకునే చెట్టు అక్కడ మందు. అయినా ఆ పట్టీల పక్క సాళ్లలో పంట తగ్గుతుంది, రైతు దాన్ని లెక్కలో వేసుకోవాల్సిందే.

పోటీని తగ్గించే ఉపాయాలు లేకపోలేదు. కొమ్మలు కత్తిరించడం, చెట్టుకు కొంత ఎడంగా గాడి తీసి పక్క వేళ్లను తెంచడం, చెట్లను చేను మధ్యలో కాకుండా గట్టు మీదికి మార్చడం. అన్నిటికీ కూలీ ఖర్చవుతుంది. అదీ పొలం పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే.

నాటకుండానే లేచిన చెట్లు

ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద మార్పు నర్సరీల నుంచి రాలేదు. నైజర్ దక్షిణ ప్రాంతంలో 1970, 80 దశకాల కరువులకు పొలాలు బోసిపోయాయి. ఎడారిని ఆపాలని లక్షల మొక్కలు నాటారు. నీళ్లు పోసే దిక్కు లేక, మేకలు కొరికి, చాలావరకు చచ్చిపోయాయి. మరాది ప్రాంతంలో ఈ పనే చేస్తున్న ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో, పొలాల్లో పొదల్లా కనిపిస్తున్నవి పొదలు కావని, కొట్టేసిన చెట్ల మోళ్ల నుంచి వస్తున్న పిలకలని 1980 దశకం తొలి ఏళ్లలో గమనించారు. పై చెట్టు పోయినా భూమిలో వేళ్లు బతికే ఉన్నాయి. రైతులు ఏటా విత్తే ముందు ఆ పిలకలను కోసి తగలబెడుతున్నారు.

పద్ధతి చాలా సాదాది. ఒక మోడు చుట్టూ లేచిన గుబురులోంచి నిటారుగా, బలంగా ఉన్న మూడు నుంచి అయిదు పిలకలను ఎంచుకుంటారు. మిగతావి కోసేస్తారు. ఉంచిన వాటికి కింది సగం వరకు పక్క కొమ్మలను పదునైన కత్తితో, బెరడు చీలకుండా కింది నుంచి పైకి కోస్తారు. కోసిన రొట్టను అక్కడే నేల మీద పరుస్తారు, లావుపాటివి పొయ్యిలోకి పోతాయి. తర్వాతి ఏడాది ఒక కాండాన్ని కొట్టి వాడుకుని, దాని బదులు కొత్త పిలకను ఎదగనిస్తారు. వేరు ముందే ఉంది కాబట్టి చెట్టు నాటిన మొక్క కన్నా చాలా వేగంగా లేస్తుంది, నీళ్లు పోయనక్కర్లేదు. పైగా అది ఆ నేలలో పుట్టి కరువులు తట్టుకున్న జాతి.

ఇలా మరాది, జిండర్ ప్రాంతాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చినట్టు ఉపగ్రహ చిత్రాలు, క్షేత్ర పరిశీలనల ఆధారంగా పరిశోధకులు లెక్కగట్టారు. రినాడోకు 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది. అదే ఏడాది అదే పురస్కారం అందుకున్న బుర్కినా ఫాసో రైతు యాకూబా సవడోగోది మరో దారి. ఆయన గట్టిపడిన నేలలో వానలకు ముందే జానెడు వెడల్పు గుంటలు తవ్వి, అందులో పెంట వేశారు. పెంట కోసం చెదలు వచ్చి నేలను తొలిచాయి, తొలి వాన నీరు అక్కడే ఇంకింది. ఆ గుంటల్లో గింజలతో పాటు పెంటలో వచ్చిన చెట్ల విత్తనాలూ మొలిచాయి. వాటిని పీకేయకుండా ఉంచేశారు.

ఫిలిప్పీన్స్ మిందనావ్ కొండ వాలుల అనుభవం కూడా ఇదే వైపు చూపిస్తుంది. వాలుకు అడ్డంగా చిక్కుడు జాతి చెట్ల కంచెలు వేయమని 1970 దశకం నుంచి గట్టిగా ప్రచారం జరిగింది. మట్టి కోత ఆగిన మాట నిజమే. కానీ ఏడాదికి ఎన్నోసార్లు కత్తిరించాల్సి రావడంతో చాలామంది రైతులు ఆ కంచెలను వదిలేశారు. క్లవేరియా ప్రాంత రైతులు దాన్నే తేలిక చేసుకున్నారు. వాలుకు అడ్డంగా మూరెడు వెడల్పు పట్టీలు దున్నకుండా వదిలేశారు. అక్కడ గడ్డి దానంతట అదే లేచింది, మట్టి ఆగింది, కొన్నేళ్లకు మెట్లు కట్టినట్టయింది. ఆ తర్వాత ఆ పట్టీల్లో తమకు పనికొచ్చే పండ్ల చెట్లూ కలప చెట్లూ పెట్టుకున్నారు. పేద నేలలో బతికేవాళ్ల దగ్గర డబ్బే కాదు, మిగులు శ్రమ కూడా ఉండదు. రెంటినీ తక్కువగా అడిగిన పద్ధతులే నిలబడ్డాయి.

చెట్టు ఎవరిది?

నైజర్‌లో రైతులు అంతకు ముందు పిలకలను ఎందుకు కోసేసేవారు? అజ్ఞానం వల్ల కాదు. ఫ్రెంచి పాలన నాటి అటవీ చట్టాల వారసత్వంగా, పొలంలో పెరిగిన చెట్టు మీద కూడా ప్రభుత్వానిదే పెత్తనం అన్న భావన స్థిరపడింది. తన పొలంలో చెట్టు కొమ్మ కొట్టినా అటవీ సిబ్బందికి జరిమానా కట్టాల్సి రావచ్చు. అలాంటప్పుడు చెట్టు ఆస్తి కాదు, టెన్షన్. కరువుల తర్వాత ప్రభుత్వ యంత్రాంగం బలహీనపడి అమలు సడలడంతో, చెట్టు తమదేనన్న ధీమా రైతుల్లో వచ్చింది. చెట్లు పెరగడం అప్పుడే ఊపందుకుంది. చట్టం తర్వాత కదిలింది. 2004లో కొత్త అటవీ చట్టం వచ్చింది. పొలాల్లో రైతులు పెంచుకున్న చెట్ల గురించి ప్రత్యేకంగా 2020లో ఒక డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వచ్చింది.

భారత్‌లో కూడా మెలిక ఇదే రకం. దేశ స్థాయిలో అగ్రోఫారెస్ట్రీ విధానాన్ని 2014లో తెచ్చి, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశంగా నిలిచింది. చెట్టు కొట్టడానికీ, దుంగను తరలించడానికీ కావాల్సిన పర్మిట్లు రైతును వెనక్కి లాగుతున్నాయని ఆ విధానమే గుర్తించింది. వ్యవసాయ భూముల్లో చెట్ల నరికివేతకు నమూనా నియమాలను కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు పంపింది 2025లో. మధ్యలో పదకొండేళ్లు గడిచాయి. ఏ జాతికి ఏ రాష్ట్రంలో మినహాయింపు ఉందో తెలియనప్పుడు రైతు యూకలిప్టస్, సరుగుడు లాంటి అనుమతి బాధ లేని, త్వరగా అమ్ముడయ్యే చెట్ల వైపే మొగ్గుతాడు. అడవిని కాపాడటానికి పెట్టిన నియమం పొలంలోకి స్థానిక జాతులు రాకుండా అడ్డుపడుతుంది. అక్రమ నరికివేత భయం ఉత్తదేమీ కాదు. అడవి దుంగను పొలం దుంగగా చూపించి తరలించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. నియమాలు తేలిక చేయడమంటే చెట్టు పుట్టిన చోటును నమోదు చేసే పద్ధతి కూడా పెట్టడమే.

భూమి సొంతం కానివాళ్ల పరిస్థితి ఇంకా బిగుసుకుని ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో అనేక చోట్ల చెట్టు నాటడమంటే భూమి మీద హక్కు చాటుకోవడంతో సమానం. అందుకే కౌలుదార్లనూ, భర్త తరఫు భూమి దున్నుకునే ఆడవాళ్లనూ చెట్లు నాటనివ్వరు. ఎక్కడైనా ఏడాదికోసారి మారే కౌలు మీద పదేళ్ల చెట్టు నిలబడదు. ప్రచార పత్రాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తుంటాయి. సారం లేని భూములను దున్నేవాళ్లలో కౌలుదార్లూ ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నప్పుడు ఇది ఒక్క వాక్యం విషయం కాదు.

భూమి బాగుపడ్డాక మొదలయ్యే ఇబ్బంది మరొకటి. సవడోగో పెంచిన అడవి పక్క పట్టణం విస్తరించి, ప్లాట్ల కోసం గీసిన ప్లానులో ఆ అడవిలో కొంత భాగం కలిసిపోయింది. విలువ లేనప్పుడు ఎవరూ అడగని నేలకు విలువ రాగానే హక్కుదారులు పుట్టుకొస్తారు.

మొదటి నాలుగైదేళ్లు

చెట్టు లాభసాటి అని చూపించే లెక్కలు తరచూ ఇరవై ఏళ్ల మొత్తాన్ని ముందు పెడతాయి. రైతు మాత్రం ఏడాది వారీగా బతకాలి. మొక్కలకు, కంచెకు, నీళ్లకు ఖర్చంతా మొదట్లోనే. చెట్ల వరసలు తీసుకున్న మేర పంట విస్తీర్ణం మొదటి రోజే తగ్గుతుంది. పండ్ల చెట్టు కాపుకు రావడానికి మూడు నుంచి అయిదేళ్లు, కలపకు చాలా జాతుల్లో పది నుంచి ఇరవై ఏళ్లు. మధ్యలో ఒక్క కరువు వచ్చినా, ఇంట్లో ఒకరికి జబ్బు చేసినా, చెట్టు ముదరక ముందే గొడ్డలి పడుతుంది.

చైనా 1999లో వాలు భూములను చెట్లకు మార్చే పథకం పెట్టినప్పుడు ఈ ఖాళీని నేరుగా పూడ్చింది. పండ్ల చెట్లలాంటి ఆదాయం వచ్చేవి పెడితే అయిదేళ్లు, పర్యావరణం కోసం చెట్లు పెడితే ఎనిమిదేళ్లు ధాన్యమూ నగదూ ఇచ్చింది. అది పంటను తీసేసి చెట్లు పెట్టే పథకం, కలిపి సాగు కాదు. అయినా రైతు నష్టపోయే ఏళ్లకు సరిపడా కాలం మద్దతు ఇవ్వాలన్న దాని లెక్క ఇక్కడా పనికొస్తుంది. థాయ్‌లాండ్ 2018లో మరో దారి తొక్కింది. 58 జాతుల చెట్లను బ్యాంకు అప్పుకు పూచీగా పెట్టుకునే వీలు కల్పించింది. చెట్టు కొట్టకుండానే డబ్బు దొరికితే దాన్ని ముదరనివ్వడం తేలికవుతుంది. మామూలు పంట రుణాలు ఒక సీజన్‌ను దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. పదేళ్ల చెట్టుకు అవి అతకవు.

ఒక మధ్యే మార్గం రైతులు తమంతట తామే ఎంచుకుంటున్నారు. త్వరగా చేతికొచ్చేదీ, ఆలస్యంగా వచ్చేదీ కలిపి పెట్టుకోవడం. మేత, వంటచెరకు రెండో ఏడు నుంచే, పండ్లు అయిదో ఏడు నుంచి, కలప చివర్లో. మేత విలువను బయటివాళ్లు తక్కువ అంచనా వేస్తారు. కరువు ఏడాది పంట పోయినా చెట్టు ఆకు మిగిలితే పశువును అమ్ముకోనక్కర్లేదు. మెట్ట రైతుకు అది చాలా పెద్ద ఊరట.

మేత గురించి చెప్పాక మేకల సంగతి కూడా చెప్పుకోవాలి. కోతలయ్యాక పొలాలన్నీ అందరి పశువులకూ తెరిచి ఉండే చోట ఒక్క రైతు మొక్కలు కాపాడుకోవడం అసాధ్యం. నైజర్‌లో పిలకల పద్ధతి నిలబడిన ఊళ్లలో పశువులను ఎక్కడ మేపాలి, చెట్టు నరికినవాళ్లకు ఏం శిక్ష అన్నది ఊరంతా కలిసి తేల్చుకున్నారు.

తప్పు చెట్టు పెడితే

జట్రోఫా కథ ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. బీడు నేలలో పెరుగుతుంది, పశువులు ముట్టవు, గింజల నుంచి డీజిల్ వస్తుంది అంటూ 2000 దశకంలో ఆసియా, ఆఫ్రికా దేశాల్లో విస్తారంగా వేయించారు. నీళ్లు లేకపోయినా అది బతుకుతుంది, ఆ మాట అబద్ధం కాదు. కానీ బతకడం వేరు, కాయడం వేరు. నీళ్లూ ఎరువూ లేని చోట గింజల దిగుబడి చాలా తక్కువ. అవి ఇవ్వగల నేలైతే రైతు జట్రోఫా ఎందుకు వేస్తాడు?

ప్రోసోపిస్ జూలిఫ్లోరా, మనం సర్కారు తుమ్మ అనేది, దీనికి తలకిందుల కథ. అది మరీ బాగా బతికింది. కెన్యాలోని బరింగో ప్రాంతంలో 1980 దశకం తొలి ఏళ్లలో వంటచెరకు కోసం, నేల కోత ఆపడం కోసం తెచ్చారు. కొన్నేళ్లకు మేత భూములనూ దారులనూ కమ్మేసింది. తీపి కాయలు తిన్న మేకలకు పళ్లు పుచ్చి ఊడాయి. అక్కడి ఇల్చామస్ తెగవాళ్లు కోర్టుకెక్కి, సాక్ష్యంగా పళ్లూడిన మేకను నైరోబీకి తీసుకెళ్లారు. పేద నేలకు చెట్టు ఎంచేటప్పుడు ‘ఎక్కడైనా పెరుగుతుంది’ అన్న గుణాన్ని మెచ్చుకునే ముందు, అది ఎక్కడ ఆగుతుందో కూడా అడగాలి.

ఒకే జాతి మీద ఆధారపడటంలో ఇంకో ముప్పు పురుగు. పసిఫిక్ దీవుల మీదుగా ఆసియాకు పాకిన సైలిడ్ అనే చిన్న రసం పీల్చే పురుగు, 1980 దశకం రెండో సగంలో దేశం తర్వాత దేశంలో సుబాబుల్ తోటలను మోడువార్చింది. అద్భుత వృక్షంగా పేరుపడ్డ చెట్టు అది.

ప్రోత్సాహం దేనికి ఇవ్వాలి

చాలా దేశాల్లో పథకాల విజయం ఇప్పటికీ నాటిన మొక్కల సంఖ్యతోనే తేలుతోంది. లెక్క దాని మీద ఉన్నంతకాలం నర్సరీలు త్వరగా మొలిచే, చవకగా దొరికే నాలుగైదు జాతులే పెంచుతాయి. వాన అదను దాటిపోయాక కూడా మొక్కలు పంచుతారు. మూడో ఏటికి ఎన్ని బతికాయో చూసేవాళ్లుండరు. పిలకలను నిలబెట్టిన రైతుకు ఆ లెక్కలో చోటే లేదు, ఎందుకంటే అతను ఏదీ నాటలేదు. డబ్బులను నాటిన రోజున కాకుండా, మూడో ఏడు, అయిదో ఏడు బతికున్న చెట్లకు ఇస్తే ఈ మొత్తం గొలుసు మారుతుంది. కోస్టారికా 1997లో మొదలుపెట్టిన పర్యావరణ సేవల చెల్లింపుల్లోకి తర్వాత పొలాల్లోని చెట్లనూ చేర్చి, చెట్టుకింత అని చెల్లిస్తోంది. తనిఖీకి ఖర్చవుతుంది గానీ, చచ్చిన మొక్కలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది వృథా కాదు.

ఇప్పుడు కార్బన్ క్రెడిట్లు, అంటే చెట్లు పట్టి ఉంచిన కర్బనాన్ని లెక్కగట్టి కంపెనీల్లాంటి వాళ్లకు అమ్మే పద్ధతి, ఈ రంగంలోకి కొత్త డబ్బు తెస్తున్నాయి. పేద నేలల్లో చెట్లు మెల్లగా పెరుగుతాయి కాబట్టి హెక్టారుకు చేరే కర్బనం తక్కువ. ఒక్కో రైతుకు వచ్చే మొత్తం చిన్నది. కొలిచేవాళ్ల, మధ్యవర్తుల ఖర్చులు మాత్రం చిన్నవి కావు. పైగా కొనేవాళ్లకు కావాల్సింది వేగంగా లావెక్కే చెట్టు, ఒత్తైన తోట, దశాబ్దాల పాటు కొట్టబోమన్న ఒప్పందం. రైతుకు కావాల్సింది పలచటి చెట్లు, ఏటా కోసుకోగల కొమ్మ, అవసరం పడితే అమ్ముకోగల దుంగ. ఈ రెండూ కలవని చోట ఒప్పందం రైతు చేతులు కట్టేస్తుంది. సపోనే పొలాల్లో నీటికి మేలు చేసిన పలచదనం కార్బన్ లెక్కలో లోటుగా కనిపిస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రైతులు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: కొమ్మ కోత, మేపు హక్కు ఎవరికి ఉంటాయి, కరువుకు చెట్టు చస్తే డబ్బు తిరిగి కట్టాలా, కౌలుదారు మారితే వాటా ఎవరికి, ఒప్పందం వారసులకు కూడా వర్తిస్తుందా. వీటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వని ప్రాజెక్టులో చేరకపోవడమే మేలు.